అరబ్బీ పాఠం: ‘మాఫీ ముష్కిలా’ తర్వాత నేర్వాల్సిన మాట

కువైట్‌లో దిగిన వారం రోజుల్లో మనలో ప్రతి ఒక్కరికీ నోటికొచ్చే అరబ్బీ మాట ఒకటుంది: ‘మాఫీ ముష్కిలా’. ఏం ఫర్వాలేదు, ఇబ్బంది లేదు అని అర్థం. మంచి మాటే. కానీ సిమెంటు బస్తాలు రెండేసి మొయ్యమన్నా, రాత్రి ఒంటిగంటకు వంట మళ్లీ మొదలుపెట్టమన్నా అదే మాట అంటూ పోతే, మనకు నిజంగానే ఏ ఇబ్బందీ లేదని ఎదుటివాళ్లు అనుకుంటారు. మన ఇబ్బంది మన నోటితోనే లేదని చెప్పినట్టు అవుతుంది. అందుకే ఈ నెల రెండో మాట నేర్చుకుందాం. పని కష్టంగా ఉందని మర్యాదగా, స్పష్టంగా చెప్పే మాట.

కష్టమైన పనికి ప్రతి భాషలోనూ ఒక నానుడి ఉంటుంది. తేలికైన పనిని మనం ‘నల్లేరు మీద బండి నడక’ అంటాం. కష్టమైతే ‘తలకు మించిన పని’ అంటాం. ఫ్రెంచి వాళ్లు ‘సె పా ద లా తార్త్’ అంటారు. తార్త్ అంటే పండ్ల ముక్కలు పరిచి కాల్చే ఒక పిండివంట. ‘ఇదేమీ తార్త్ తిన్నంత సులువు కాదు’ అన్నమాట. కువైట్ వాళ్ల ఇళ్లలో వినిపించే మాట ఇంకా చిన్నది: ‘మూ సహల్’, అంటే సులువు కాదు. ‘మూ హయ్యిన్’ అని కూడా అంటారు. అర్థం దాదాపు అదే.

ఈ నెల మాటలు

సఅబ్ – కష్టం. మధ్యలో ‘అ’ను గొంతు లోపలి నుంచి నొక్కి పలకాలి.
వాయిద్ సఅబ్ – చాలా కష్టం. ‘వాయిద్’ అంటే చాలా, ఎక్కువ.
మూ సహల్ – సులువు కాదు.
థగీల్ – బరువు.
ఖతర్ – ప్రమాదం.
మా అగ్దర్ – నా వల్ల కాదు, చెయ్యలేను.
బ్రూహీ – నేనొక్కడినే, నేనొక్కదాన్నే.
అబీ ముసాఅదా – సాయం కావాలి.
అబీ అర్తాహ్ శ్వయ్ – కొంచెంసేపు విశ్రాంతి కావాలి.

రెండు చిన్న సూత్రాలు గుర్తుపెట్టుకోండి. గుణం చెప్పే మాట ముందు ‘మూ’ వస్తుంది: మూ సహల్. క్రియ ముందు ‘మా’ వస్తుంది: మా అగ్దర్. ఇది మొదటిది. రెండోది ఆడ, మగ తేడా. ‘అలసిపోయాను’ అనడానికి మగవాళ్లు ‘అనా తఅబాన్’ అనాలి, ఆడవాళ్లు ‘అనా తఅబానా’ అనాలి. ‘సఅబ్’ మాత్రం పని గురించి చెప్పేది కాబట్టి ఎవరు చెప్పినా మారదు. ‘దయచేసి’ అనడానికి మగవాళ్లతో ‘మిన్ ఫద్లక్’, ఆడవాళ్లతో ‘మిన్ ఫద్లిచ్’.

ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

‘మా అగ్దర్’ అనాల్సిన చోట చాలామంది ‘మా అబీ’ అంటారు. ‘మా అబీ’ అంటే ‘నాకొద్దు’. వినేవాళ్లకు అది ఎదురు తిరిగినట్టు ఉంటుంది. ‘మా అగ్దర్’ అంటే ‘చెయ్యలేకపోతున్నాను’. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఒకటి గొడవకు దారి తీస్తుంది, రెండోది మాటకు దారి తీస్తుంది.

సైటులో ఇలా అనుకోండి. ఇద్దరు ఎత్తాల్సిన ఇనుప బీమును ఒక్కరినే ఎత్తమన్నారు. అప్పుడు ఇలా చెప్పండి:

‘ముహందిస్, హాదా థగీల్ వాయిద్. మా అగ్దర్ బ్రూహీ. అబీ నఫర్ థానీ.’
(ఇంజనీరు గారూ, ఇది చాలా బరువు. నేనొక్కడినే ఎత్తలేను. ఇంకొక మనిషి కావాలి.)

ఇంట్లో ఇలా అనుకోండి. మూడో అంతస్తు కిటికీ అద్దాన్ని బయటి అంచు మీద నిలబడి తుడవమన్నారు:

‘మామా, మిన్ ఫద్లిచ్, హాదా ఖతర్. మా అగ్దర్.’
(మామా, దయచేసి, ఇది ప్రమాదం. నేను చెయ్యలేను.)

రెండు చోట్లా ముందు కారణం చెప్పాం, తర్వాత మన వల్ల కాదన్నాం. వీలైతే ఏం కావాలో కూడా అడగాలి. గొంతు పెంచక్కర్లేదు, ఏడవక్కర్లేదు.

మీ మాట వెనక చట్టం ఉంది

ఇది బతిమాలుకోవడం కాదు. ‘కష్టంగా ఉంది’ అనడానికి మీకు హక్కుంది. అయితే మీ వీసా ఏదో ముందు చూసుకోండి. సైట్లు, కంపెనీలలో 18వ నంబరు వీసా మీద ఉన్నవాళ్లకు ఒక చట్టం, ఇళ్లలో 20వ నంబరు వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో చట్టం. ఒకరిది ఇంకొకరికి వర్తించదు.

18వ నంబరు వాళ్లకు 2010 నాటి 6వ నంబరు చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఓవర్‌టైం చేస్తే మామూలు జీతం మీద 25 శాతం ఎక్కువ కట్టివ్వాలి. ఎండాకాలంలో, జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఆ సమయంలో తల తిరుగుతుంటే ‘అనా దాయిఖ్’ (ఆడవాళ్లు ‘దాయిఖా’) అని వెంటనే చెప్పండి. ‘అబీ మాయ్’ అంటే నీళ్లు కావాలి. ఎండదెబ్బ ప్రాణాల మీదికి తెస్తుంది, మొహమాటం వద్దు.

20వ నంబరు వాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం. మధ్యమధ్య విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలు మించి పని ఉండకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క. ప్రమాదకరమైన పనులు, పరువు తీసే పనులు చెప్పకూడదు. మీ పాస్‌పోర్టు కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు. ఇళ్లలో పనివాళ్లకు కనీస జీతం 60 దీనార్లని 2016లో ఖాయం చేశారు.

చెప్పినా వినకపోతే?

ఒక్క మాటతో అన్నీ చక్కబడతాయని మేము చెప్పం. కానీ మాట చెప్పడంతో పాటు రాసిపెట్టుకోవడం కూడా అలవాటు చేసుకోండి. చిన్న పుస్తకంలోనో ఫోనులోనో తెలుగులోనే రాయండి: తేదీ, ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎప్పుడు ముగించారు, ఏ రోజు ‘సఅబ్’ అని చెప్పారు, వాళ్లేమన్నారు. రేపు షూన్‌లో ఫిర్యాదు ఇవ్వాల్సి వస్తే ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

ఒక్క సంగతి మాత్రం మరవకండి. కోపంలో ఇల్లో క్యాంపో వదిలి ఖల్లివల్లి అయిపోకండి. పారిపోయారని కఫీల్ కేసు పెడితే మీ ఆకామా చిక్కుల్లో పడుతుంది, తప్పు వాళ్లదైనా మీరే దాక్కోవాల్సి వస్తుంది. ఫిర్యాదు దారి ఉంది. మాన్‌పవర్ అథారిటీలో కంపెనీల వాళ్లకూ, ఇళ్లలో పనిచేసే వాళ్లకూ వేర్వేరు విభాగాలున్నాయి. దయ్యా ప్రాంతంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లొచ్చు. కష్టంలో ఉన్న ఆడవాళ్లకు అక్కడ ఆశ్రయం కూడా ఉంది. ఎవరైనా కొడుతుంటే, ప్రాణభయం ఉంటే మాత్రం ఆగకండి. బయటపడి నేరుగా రాయబార కార్యాలయానికో పోలీస్ స్టేషనుకో వెళ్లండి.

ఈ వారం అభ్యాసం

పక్క మంచం మీద పడుకునే స్నేహితుడితోనో, శుక్రవారం కలిసే అక్కతోనో ఈ మూడూ పైకి చెప్పుకోండి:

1. ఈ పని చాలా కష్టం. (హాదా షుగుల్ వాయిద్ సఅబ్.)
2. నేనొక్కడినే చెయ్యలేను. (మా అగ్దర్ బ్రూహీ.)
3. కొంచెం విశ్రాంతి కావాలి. (అబీ అర్తాహ్ శ్వయ్.)

పదిసార్లు పలికితే నాలుక తిరుగుతుంది. ‘మాఫీ ముష్కిలా’ కూడా వాడండి, కాకపోతే నిజంగా ఇబ్బంది లేనప్పుడే.