బల్లమీద అచ్చుయంత్రం

"మా కాలువ చివరి భూములకు రెండేళ్లుగా నీళ్లందడం లేదు." పోయినేడు మా నాన్న ఇలా మొదలుపెట్టి ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. అది అచ్చు కాలేదు. "అచ్చులో పడితేనేరా మన మాటకు విలువ" అన్నాడు. అచ్చుయంత్రం ఎప్పుడైనా సామాన్యుడి ఇంట్లోకి వచ్చిందా అని నాకు సందేహం కలిగింది. వెతికితే, వచ్చిందనే తేలింది.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ కౌపర్ ఇంట్లో బల్లమీద పెట్టుకునే ప్రెస్సును రూపొందించాడు. దాన్ని అమ్మిన హోల్ట్‌జాఫెల్ కంపెనీ 1846లో ఔత్సాహికుల కోసం ఒక పుస్తకమే వేసింది. అమెరికాలోని మెరిడెన్ పట్టణంలో 1872లో విలియం కెల్సీ 'ఎక్సెల్సియర్' ప్రెస్సుల వ్యాపారం మొదలుపెట్టాడు. కుర్రాళ్లు ఇటువంటివి కొనుక్కుని, చిన్న చిన్న పత్రికలు వేసి ఒకరికొకరు పంపుకునేవారు. వాళ్లే 1876లో ఫిలడెల్ఫియాలో జాతీయ సంఘం పెట్టుకున్నారు. రచయిత్రి వర్జీనియా ఊల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ 1917లో ఒక చేతిప్రెస్సు కొని, తమ కథలను తామే అచ్చువేసుకున్నారు. 1922లో ఇంగ్లండులో 'అడానా' ప్రెస్సులు వచ్చాయి.

ఇక ఇది పనిచేసే తీరు చూద్దాం. పిడి కిందికి నొక్కితే రూళ్లు సిరా పళ్లెం మీదికి ఎక్కుతాయి. కాగితమున్న పలక సీసపు అక్షరాలకు ఒత్తుకుంటుంది. పిడి వదిలితే రూళ్లు దిగుతూ అక్షరాలకు సిరా పూస్తాయి. గడ్డపారతో బండరాయి లేపే సూత్రమే ఇదీను. మరి యంత్రం చిన్నదిగా ఎందుకుండాలి? 8 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు అంటే 40 చదరపు అంగుళాలు. కొలతలు రెండూ రెట్టింపు చేస్తే 160. అదే ఒత్తిడికి నాలుగింతల బలం కావాలి. ఒక మనిషి చేతికి అది కష్టం.

తెలుగుకు మరో చిక్కుంది. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు చాలు. మన గుణింతాలకూ, ఒత్తులకూ వందల అచ్చులు పోతపోయాలి. వాటిని గళ్లలో సర్దడానికే చాలా చోటు కావాలి. కాబట్టి ఇంగ్లీషు కుర్రాడికి అందినంత సులువుగా మన కుర్రాడికి అచ్చు అందే వీలు లేకపోయింది.

ఈనాడు ఫోనులో ఎవరైనా తెలుగు రాయవచ్చు. అయినా నాన్నకు కాగితమ్మీదే నమ్మకం. ఈ వ్యాసంలో మొదటి వాక్యం ఆయనదే. ఈ సంచికను ఇంటికి తీసుకెళ్లి చూపిస్తాను.