విడిదింట్లో పడుకున్నదానివి, హాస్టల్‌కి భయమేమిటే!

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది చెల్లీ. "ఈ వయసులో హాస్టలేమిటక్కా, నలుగురూ నవ్వరూ?" అన్నావు. నవ్వనీవే. నవ్వేవాళ్లెవరూ మన హోటల్ బిల్లు కట్టరుగా!

నీ తప్పూ లేదులే. హాస్టల్ అనగానే మనకి గుర్తొచ్చేవి రేకు పెట్టె, నీళ్ల సాంబారు, గేటు దగ్గర వార్డెనమ్మ. లేదంటే అమీర్‌పేటలో గదికి నలుగురు చొప్పున సర్దుకుని, కోర్సు అయ్యేదాకా పళ్లబిగువున గడిపిన ఆర్నెల్లు. పోయిన మే నెలలో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ చూసొస్తానని, హాస్టళ్లలో దిగుతానని చెబితే అమ్మేమందో తెలుసా? "డబ్బు చాలకపోతే నన్నడగొచ్చు కదే" అంది. అమ్మ పింఛను మీద నేను ఐరోపా తిరగడమొక్కటే తక్కువ!

ఆ హాస్టల్ వేరు, ఈ హాస్టల్ వేరు. ఇక్కడ గది కాదు, మంచం అద్దెకిస్తారు. ఒక్కో గదిలో నాలుగో, ఆరో, ఎనిమిదో మంచాలు, రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి. వయసుతో పని లేదు, చదువుతో పని లేదు. బాత్రూములు, వంటగది, కూచునే హాలు అందరికీ ఉమ్మడి. వియన్నాలో నాకు రాత్రికి 32 యూరోలు పడింది. అప్పట్లో యూరో వంద రూపాయల దగ్గర ఆడుతుండేది కదా, మూడు వేల పైచిలుకు. అదే వీధిలో హోటల్ గది దానికి నాలుగింతలు చెప్పారు.

అయితే డబ్బు సంగతి తర్వాత. ముందు నా భయం సంగతి విను.

మీ బావ గురించి తెలిసిందేగా, విజయవాడ దాటితే ఆయనకి పడిశం పడుతుంది. ఒక్కదాన్నే బయల్దేరా. ఎంత ధైర్యం చెప్పుకున్నా నాకూ గుండె దడే మరి, అందుకే ప్రాగ్‌లో మొదటి రెండు రాత్రులూ హోటల్ గదే తీసుకున్నా. శుభ్రమైన గది, తెల్లటి దుప్పటి, అంతా బాగానే ఉంది. తలుపు వేశాక మొదలైంది అసలు కథ. గొళ్లెం పెట్టి, గొలుసు తగిలించి, అదీ చాలక కుర్చీ అడ్డం పెట్టా. వరండాలో ఎవరి అడుగుల చప్పుడు వినపడ్డా లేచి కూచోవడమే. ఒక ఆడమనిషి ఒంటరిగా ఆ గదిలో ఉందని కింద కౌంటరులో ఉన్నవాడికి తెలుసు కదా అని ఒకటే పురుగు బుర్రలో. అర్థం కాని చెక్ భాషలో టీవీ వాగుతుంటే, మనిషి గొంతు ఉంది కదా అని దాన్ని కట్టెయ్యకుండానే తెల్లవార్చా.

మూడో రాత్రి వియన్నాలో. ఎనిమిది మంచాల గది, ఆడవాళ్లకి మాత్రమే. నాకు పై మంచం ఇచ్చారు. నిచ్చెన చూడగానే నా మోకాళ్లు దండం పెట్టాయి. కింద మంచం మీద కుర్రవయసు కొరియా పిల్ల ఒకతి కూచునుంది. నా మొహం చూసింది, నిచ్చెన చూసింది, మాటా పలుకూ లేకుండా తన దుప్పటీ దిండూ పైకి విసిరేసి ఎక్కిపోయింది. మూల మంచం మీద ఆస్ట్రేలియా ఆవిడ, డెబ్బయ్యొక్కేళ్లట, నర్సుగా రిటైరైంది. మూణ్ణెల్లుగా తిరుగుతోందిట. నేనేమో నా వయసుకి సిగ్గుపడుతున్నా!

ఆ రాత్రి లైట్లు తీసేశాక ఏడుగురి ఊపిరి వినిపిస్తోంది. ఒకావిడ సన్నగా గురక. నాకెప్పుడు కన్నంటుకుందో తెలియదు. పొద్దున్న లేచి ఆలోచిస్తే తట్టింది, ఇది నాకు కొత్త కాదని. పెళ్లి విడిదిలో పడుకోలేదుటే మనం? హాలంతా జంపఖానాలు, ముప్పైమందికి రెండు బాత్రూములు, తెల్లవారుజామున నాలుగింటికే వరస, నగల సంచి తలకింద, ఎవరి పిల్లో తెలియని పిల్ల కాళ్లు మన పొట్ట మీద. అంత చేసి, ఒళ్లు మరిచి పడుకోలేదూ? దాని ముందు ఈ గదెంత! ఇక్కడ మంచానికో తెర, తలదగ్గర దీపం, ఫోనుకి ప్లగ్గు, కింద లాకరు. పైగా విడిదిలో కాఫీలందాయా, పిల్లలు తిన్నారా అని పరుగులెత్తాలి. ఇక్కడ నన్నెవరూ ఏ పనికీ పిలవలేదు. మీ ఆయనేం చేస్తారు, పిల్లలెంతమంది అని కూడా అడగలేదు. ఏ ఊరు నుంచొచ్చావు, రేపెటు పోతున్నావు? రెండే ప్రశ్నలు. మూడో రోజుకి నాకు నేనే కొత్తగా కనిపించానంటే నవ్వుతావేమో.

అసలీ ఏర్పాటు మనకి తెలియనిదా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి మరుసటేడు తిరిగొచ్చారు. దారిలో సత్రాలెక్కడున్నాయో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో రాసుకుంటూ వెళ్లారు. వెనకొచ్చేవాళ్లకి పనికొచ్చేలా ఆయన చేసిన పనే, ఇవాళ మనం హాస్టల్ రివ్యూల్లో వెతుక్కుంటున్నాం. ఐరోపాలో ఈ హాస్టళ్లకి బీజం వేసింది షిర్మాన్ అనే జర్మనీ బడిపంతులు. 1909లో పిల్లల్ని నడిపించుకుంటూ ఊళ్లు చూపిస్తుంటే జడివాన పట్టుకుందట. ఓ పల్లెటూరి బళ్లో గడ్డి పరుచుకుని రాత్రి గడిపారు. సెలవుల్లో బళ్లన్నీ ఖాళీయే కదా, ఇలా తిరిగే పిల్లలకి పడక ఇస్తేనేం అని ఆయనకి తోచింది. 1912లో ఆల్టెనా ఊరి కోటలో మొదటి శాశ్వత హాస్టల్ తెరిచారు. ఆ తొలి గదుల్ని ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. పంతులుగారి ఆలోచన ఎంత దూరం పోయిందంటే, స్టాక్‌హోంలో 1888 నాటి తెరచాప ఓడని 1949లో హాస్టల్ చేశారు. స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో మిలిటరీ జైలుని హాస్టల్‌గా మార్చారు, ఖైదీ గదుల్లోనే మంచాలు. డబ్బిచ్చి మరీ జైల్లో పడుకోవడం!

సరే, నువ్వు వెళ్లేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలో చెప్తా. బుక్ చేసేటప్పుడు 'ఫిమేల్ డార్మ్' అని ఉందో లేదో రెండుసార్లు చూడు. 'మిక్స్‌డ్' అంటే ఆడా మగా కలిపి. మా ఆఫీసులో ఒకమ్మాయి తొందరలో చూసుకోక అది నొక్కేసి, అర్ధరాత్రి ఎదురు మంచం మీద గడ్డం మనిషిని చూసి కేక పెట్టిందట. పాపం అతనే ఎక్కువ హడిలిపోయాడట. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వాపసిచ్చే బుకింగులే పెట్టుకో. షెంగెన్ వీసాకి హాస్టల్ బుకింగు కూడా చెల్లుతుంది. ఫీజు 90 యూరోలు, 30 వేల యూరోలకి తగ్గని ఇన్సూరెన్సు ఉండాలి. నేను తిరిగిన మూడు దేశాలకీ ఒక్క వీసాయే, ఎక్కడ ఎక్కువ రాత్రులుంటావో ఆ దేశానికి పెట్టుకోవాలి. బస మీద ఊరి పన్ను వేరేగా ఉంటుంది కొన్నిచోట్ల. ఆంస్టర్‌డాంలో అయితే గది ధర మీద 12.5 శాతం, చవక అనుకున్నది అక్కడ చేదెక్కుతుంది. కొన్ని హాస్టళ్లు వయసు హద్దు పెడతాయి, అదీ చదువుకో. బార్ ఉంది, రోజూ పార్టీ అని గొప్పగా రాసుకున్నారంటే మనకి పనికిరాదు. వాళ్ల ఆనందం వాళ్లది, మన నిద్ర మనది.

ఇంకోటి, నల్లులు. ఒక ఊళ్లో, పేరెందుకులే, మంచం మీద సంచి పడేసి వాలిపోయా. పొద్దున్న లేస్తే చేతినిండా వరసగా దద్దుర్లు. నల్లులు మన చిన్నప్పటి సినిమా హాళ్లతోనే పోయాయనుకున్నా, విదేశాల్లో హాయిగా ఉన్నాయి! కౌంటరు పిల్ల నన్నే అనుమానంగా చూసింది, ఇండియా నుంచి నేనే తెచ్చానన్నట్టు. ఎదురు తిరిగి గది మార్పించుకున్నా. బట్టలన్నీ డ్రయ్యరులో బాగా వేడి పెట్టించి గానీ బయటపడలేదు, వేడికే చస్తాయి అవి. అప్పట్నుంచీ ఎక్కడికెళ్లినా ముందు దుప్పటి ఎత్తి పరుపు కుట్ల వెంట నల్లచుక్కలున్నాయేమో చూస్తా. చూశాకే సంచి లోపలికి. అదీ మంచం మీద కాదు.

నేను చేసిన తప్పులూ ఉన్నాయి. నాకు నాలుగున్నరకే మెలకువ. లేచి స్నానానికి బట్టలు తీసుకుందామని సూట్‌కేసులో చెయ్యి పెట్టా. మన సర్దుడు తెలుసుగా, ప్రతి జతకీ ఒక ప్లాస్టిక్ కవరు. గలగలగల! నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఎలా ఉంటుందంటే, ఇంట్లో దొంగ పడ్డట్టే. పై మంచం తెర తొలిగి కొరియా పిల్ల నిద్రమొహం కనిపించింది. ఏమీ అనలేదు, అదింకా సిగ్గు. ఆ రోజే బజారుకెళ్లి బట్ట సంచులు కొనుక్కున్నా. నువ్వు ఇంటి దగ్గరే పాత లంగాలు చింపి కుట్టుకో. మర్నాటి బట్టలు రాత్రే తీసి తలదగ్గర పెట్టుకో.

చెంబు సంగతి నువ్వడగవు, నేనే చెప్తా. అక్కడ టాయిలెట్లో నీళ్లుండవు, కాగితమే. ఖాళీ సీసా ఒకటి నింపుకుని పట్టుకెళ్లు, ఎవరూ చూడరు. స్నానానికి బకెట్టూ ఉండదు, షవరే. రబ్బరు చెప్పులతోనే దిగు. తువ్వాలు అడిగితే అద్దె తీసుకుంటారు, కాబట్టి పల్చటి చేనేత తువ్వాలు రెండు పెట్టుకో, ఇట్టే ఆరతాయి. ఫోను చార్జరు రెండు పిన్నులదైతే ఆ దేశాల్లో సరిపోతుంది, మూడు పిన్నుల ప్లగ్గు దూరదు. మెళ్లో బంగారం ఇంట్లో పెట్టి వెళ్లు. అత్తయ్యగారు ఏమైనా అంటే నా పేరు చెప్పు.

హాస్టల్లో అసలు గది ఏదంటే నేను వంటగది అంటాను. బుక్ చేసేటప్పుడే ఉందో లేదో చూడు, అన్నిచోట్లా ఉండదు. గిన్నెలు, పొయ్యిలు వాళ్లవే. ఫ్రిజ్‌లో పెట్టేదాని మీద పేరూ తేదీ రాసి అంటించాలి. ఒక అరలో వెళ్లిపోయేవాళ్లు వదిలిన ఉప్పు, నూనె, సగం పాకెట్టు బియ్యం ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు. మన నుంచి పొడులు తీసుకెళ్లు. నెయ్యి, పాలకోవా వద్దు, పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. కొబ్బరికాయకి మాత్రం అడ్డులేదట, అదేం లెక్కో!

వియన్నాలో మొదటిరోజు అన్నం వండుకుని, పెరుగు కొనుక్కుని, పెరుగన్నానికి పోపు పెడదామని బుద్ధి పుట్టింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయ తుంచి వేశా. అంతే, వంటగదిలో ఉన్న పదిమందీ ఒకటే దగ్గు. ఒక జర్మనీ కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ పరుగున వెళ్లి కిటికీలు తెరిచాడు. పైన పొగ అలారం ఎర్రదీపం నన్నే చూస్తోంది. అది మోగితే మేడంతా ఖాళీ చేసి రోడ్డు మీద నిలబడాలి, కొన్నిచోట్ల ఆ ఖర్చు కూడా మన నెత్తినే రుద్దుతారు. మోగలేదు, వెంకన్న దయ. దగ్గు తగ్గాక ఆ కుర్రాడే వచ్చి "ఇదేమిటి, కొంచెం రుచి చూడొచ్చా?" అన్నాడు. ఆస్ట్రేలియా ఆవిడ కందిపొడి అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. నేనావిడకి నెయ్యి లేనందుకు క్షమాపణ చెప్పుకున్నా. నీళ్లు కొనబోతుంటే ఆపి, కొళాయి తిప్పి చూపించింది. ఆల్ప్స్ కొండల ఊటనీళ్లట, 1873 నుంచి ఆ ఊరికి గొట్టాల్లో వస్తున్నాయట. రోజుకి రెండు సీసాల ఖర్చు మిగిలింది.

ఒపేరాకి పంపింది కూడా ఆవిడే. నేను టికెట్ ధర చూసి బయటి నుంచే దండం పెట్టి వచ్చేశా. నిలబడి చూసే టికెట్లుంటాయి, చాలా చవక, పద అంది. వియన్నా ఒపేరాలో ఆ వరసల్లో చేరబడడానికి కమ్మీలుంటాయి. మన చోటు మనదని గుర్తుగా ఆ కమ్మీకి స్కార్ఫు కట్టి కాసేపు బయటికెళ్లి రావొచ్చు, అది అక్కడి ఆచారం, ఎవరూ తియ్యరు. బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు పట్టే జాతి కదా మనది, నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. అన్నీ బూడిదరంగు, నల్లరంగు స్కార్ఫుల మధ్య నా కుంకుమరంగు చున్నీ, చీరాల నేత. తిరిగొచ్చేసరికి ఇద్దరు దాన్ని ఫోటో తీసుకుంటున్నారు. పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందున్న చిన్న తెర మీద ఇంగ్లిష్‌లో వస్తుంటే చదువుకున్నా. కాళ్లు పీకాయి. రాత్రి పదకొండు దాటాక ఇద్దరం నడిచి వచ్చాం, లైటు వెయ్యకుండా ఫోను వెలుగులో మంచాలు వెతుక్కుంటూ, పెళ్లికి ఆలస్యంగా వచ్చినవాళ్లలా నవ్వు ఆపుకుంటూ.

బుడాపెస్ట్‌లో హోటల్ వైపు చూడనే లేదు.

లాకరుకి తాళం వాళ్లివ్వరు చాలాచోట్ల. మనదే పట్టుకెళ్లాలి, లేకపోతే అక్కడ రెండింతలు పెట్టి కొనాలి. నా తాళంకప్ప నీకిస్తాలే, సన్నది, అన్ని లాకర్లకీ పడుతుంది. తాళంచెవి పిన్నీసుకి గుచ్చి ఉంది, దాన్ని అలాగే లోపలి జేబుకి పెట్టుకో. రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. కందిపొడి కూడా కొడతా. ఆవాలు మాత్రం నేనివ్వను.