సైకిలు మీద శ్రీలంక

మీకు సైకిలు తొక్కడం వచ్చా? సైకిలు మీద మనం పొలానికి పోతాం. పాలు పోసి వస్తాం. పిల్లల్ని బడి దగ్గర దింపుతాం. అదే సైకిలు మీద ఊళ్లు చూడటానికి పోయేవాళ్లూ ఉన్నారు. అలా చాలామంది శ్రీలంకకు పోతారు.

శ్రీలంక మన దేశానికి దక్షిణాన ఉంది. అది ఒక ద్వీపం. ద్వీపం అంటే చుట్టూ నీళ్లు ఉన్న నేల. అక్కడ వరి పండుతుంది. కొబ్బరి బాగా కాస్తుంది. జనం సింహళం, తమిళం మాట్లాడతారు. ఎవరైనా ఎదురైతే "ఆయుబోవన్" అని దణ్ణం పెడతారు. "నిండు ఆయుష్షుతో ఉండు" అని దాని అర్థం.

ప్రయాణం ఎలా సాగుతుంది?

ఎనిమిది, పది మంది ఒక జట్టుగా వస్తారు. వాళ్లకు ఒక గైడు ఉంటాడు. గైడు అంటే దారి చూపి, ఆ చోటు సంగతులు చెప్పే మనిషి. వెనక ఒక వ్యాను వస్తుంది. మంచినీళ్లు, సామాన్లు, పంక్చరు వేసే సరంజామా అందులో ఉంటాయి. అలసిపోయినవాళ్లు వ్యాను ఎక్కుతారు.

పొద్దున్నే బయలుదేరతారు. ఎండ ముదరక ముందే చాలా దూరం పోతారు. లారీలు తిరిగే పెద్ద రోడ్డు వదిలేస్తారు. చెరువు కట్టల మీద, పొలాల పక్కన, ఊళ్ల మధ్య నుంచి పోతారు. చీకటి పడక ముందే ఆగుతారు. ఎందుకని? హబరణ, మిన్నేరియ వైపు సాయంత్రం పూట అడవి ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి.

ఏమేం చూస్తారు?

పొలొన్నరువ పాత రాజధాని. మొదటి పరాక్రమబాహు 1153 నుంచి 1186 వరకు అక్కడ రాజ్యం చేశాడు. పాత చెరువులను కలిపి, పెంచి, ఒకే పెద్ద చెరువు చేయించాడు. దాని పేరు పరాక్రమ సముద్రం. ఈనాటికీ ఆ నీళ్లతో వరి పండుతోంది. పాత గుళ్లు, కోటలు దూరం దూరంగా ఉంటాయి. నడిస్తే కాళ్లు లాగుతాయి. సైకిలు అయితే హాయి. అక్కడే గల్ విహార ఉంది. ఒకే బండలో 4 బుద్ధ విగ్రహాలు చెక్కారు. పడుకున్న బుద్ధుడి పొడవు సుమారు 46 అడుగులు.

మనకూ శ్రీలంకకూ పాత చుట్టరికం ఉంది. సుమారు 1,700 ఏళ్ల కిందట శ్రీలంక భిక్షువులు మన నాగార్జునకొండకు వచ్చారు. బోధిశ్రీ అనే ఉపాసిక వాళ్ల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ సంగతి అక్కడి శాసనంలో ఉంది. ఆనాడు వాళ్లు మనకు అతిథులు.

డబ్బు ఎవరికి చేరుతుంది?

బస్సులో వచ్చినవాళ్లు గుడి దగ్గర దిగుతారు. ఫొటో తీసుకుంటారు. మళ్లీ బస్సు ఎక్కుతారు. దారిలో ఊళ్లు ఉన్నాయని కూడా వాళ్లకు తెలియదు. సైకిలు మీద వచ్చినవాళ్లకు దాహం వేస్తుంది, ఆకలి వేస్తుంది. ఊళ్లో ఆగుతారు.

ఒక లెక్క వేద్దాం. కొబ్బరి బోండాం 150 శ్రీలంక రూపాయలు అనుకుందాం. 8 మంది తాగితే 1,200 రూపాయలు. ఆ డబ్బు బోండాలు అమ్మే ఆమె చేతికే వస్తుంది. అన్నం వండిపెట్టే ఇంటికి, సైకిళ్లు బాగుచేసే కుర్రాడికి కూడా కొంత అందుతుంది.

కానీ ఒక మాట. ఈ రాబడి ఎప్పుడూ ఒకలా ఉండదు. 2018లో శ్రీలంకకు 23 లక్షల మంది వచ్చారు. 2019 ఏప్రిల్ 21న చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. 250 మందికి పైగా చనిపోయారు. తరువాత కరోనా వచ్చింది. 2021లో వచ్చినవాళ్లు 2 లక్షల మంది కూడా లేరు. 2022లో పెట్రోలు దొరకలేదు. జనం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డారు. చాలామంది సైకిళ్లు బయటికి తీశారు. అతిథుల మీదే బతికేవాళ్లు చితికిపోయారు. 2024లో మళ్లీ 20 లక్షలు దాటారు.

కాబట్టి అతిథులు వస్తే మంచిదే. అయినా పొలం, పాడి వదులుకోకూడదు. ఆ రాబడి చేదోడుగా ఉండాలి. అదే బతుకు కాకూడదు.

అతిథికీ మర్యాద ఉంది

గుడికి పోతే చెప్పులు, టోపీ తీయాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. మనుషుల ఫొటో తీసే ముందు వాళ్లను అడగాలి. చెరువులో ప్లాస్టిక్ సంచులు, సీసాలు పడేయకూడదు.

ఆలోచించండి – చెప్పండి

1. బస్సులో వచ్చే అతిథికీ, సైకిలు మీద వచ్చే అతిథికీ తేడా ఏమిటి?
2. బోండాం 150 రూపాయలు. 10 మంది తాగితే ఎంత?
3. అతిథుల మీదే ఆధారపడితే వచ్చే కష్టం ఏమిటి?
4. మీ ఊరికి ఎవరైనా సైకిలు మీద వస్తే ఏం చూపిస్తారు? మీ చెరువు ఎవరు తవ్వించారు? పెద్దవాళ్లను అడిగి 5 వాక్యాలు రాయండి.