ఎర్ర గీత కుడిచేతికి

నార్కట్‌పల్లి,
ఆదివారం పొద్దుగాల

బిడ్డా చిన్నీ,

నీ ఉత్తరం మీ అమ్మ ఫోన్ల చదివి వినిపించింది. రాజమండ్రి దిక్కు బావి మీద మొదటిసారి కోర్, అదే రాతికడ్డీ, తీయించినవని సంబురపడ్డ. ఆ తర్వాతి మాటకే నిద్ర పట్టలే. రాత్రి రెండింటికి కోర్ పైకొస్తే ముక్కలు పెట్టెల్ల పెట్టించి, గీతలు, లోతులు తెల్లారినంక రాసినవట!

మామకు గీతల పిచ్చి అంటవు. పిచ్చే. పైకొసను అవతలికి పెట్టి చూస్తే ఎర్ర గీత కుడిచేతికి, నల్ల గీత ఎడమకు రావాలె. ముక్క తీసి పెట్టెల పెట్టకముందే గీయాలె. 9 మీటర్లు కోస్తే 8 మీటర్లే చేతికొచ్చిందనుకో, సందులు పెట్టి 9 చెయ్యకు. ఎక్కడ పోయిందో ఆనవాలు లేకుంటే అడుగున పోయినట్టే రాయి. లోతు కొంచెం అటిటైతే కోర్ గామా కొలతను బావి గామా లాగ్ పక్కన పెట్టి సర్దుకోవచ్చు. తలకిందులైన ముక్కను ఏ మిషనుతో సర్దుతవు?

నీ వయసుల నేనొక బోరు క్యాంపుల పనిచేసిన. ఎవరిదని అడగకు. వానరాత్రి పెట్టె జారింది. లాంతరు ఎలుగుల ముక్కలు ఏరి, తోచినట్టు పేర్చి, నోరు మూసుకున్న. మా సారు వారం రోజులు ఆ పెట్టె ముందు కూసొని, ఇసుకరాయి మీదికి బండ ఎట్లొచ్చిందని తల పట్టుకున్నడు. ఎనిమిదో రోజు చెప్పిన. తిట్టలే. ఒక ఎర్ర పెన్సిలు, ఒక నల్ల పెన్సిలు చేతుల పెట్టిండు. తిట్టినా బాగుండు.

మనింటెనుక బోరు వేసినప్పుడు నీకు ఆరేండ్లు. తెల్ల పొడి మీద పడితే ఎగిరినవు. మన గ్రానైటు 250 కోట్ల ఏండ్లది. అండ్ల నూనె ఉండదు, నీళ్లున్నా ఫ్లోరైడు తోడొస్తది. మీ బావిల మండపేట ఇసుకరాయి వేరు. సింగరేణి బొగ్గుకు చుట్టం, గోండ్వానా కాలంది. దాన్ని నీళ్లతోటి కడగకు బిడ్డా. మట్టి ఉబ్బుతది, ఉప్పు కరుగుతది. బట్టతోటి తుడువు. దాచే ముక్కకు పలుచటి ప్లాస్టిక్, దాని మీద అల్యూమినియం రేకు చుట్టి మైనంల ముంచు. ఆరిపోయిన రాయి ల్యాబుల ఎంత నూనె ఉండెనో నిజం చెప్పదు.

అన్నం యాళ్లకు తింటున్నవా? కోర్ గొట్టం కింద పెట్టంగ దాని మూతికి ఎదురుంగ నిలబడకు, లోపల చిక్కిన గ్యాసు ముక్కను విసురుతది. కుళ్లిన గుడ్డు వాసన ఆగిందంటే గాలి మంచిగైందని కాదు, ముక్కు మొద్దుబారిందని కూడ కావచ్చు. మీటరునే నమ్ము. 1995ల పాశర్లపూడి గ్యాసు బావి మంట రెండు నెలలు దాటినా ఆరకుంటే మీ అమ్మమ్మ చెరువుగట్టు దేవునికి మొక్కింది. నువ్వు అదే సీమకు పోయినవని ఇప్పుడు నేను మొక్కుతున్న.

ఇగ చెయ్యాల్సింది ఒక్కటే. ఆ పెట్టెలు మళ్ల తెరిపించు. విరిగిన అంచుకు అంచు కలిపి చూడు. కలవని చోట కలవలేదనే రాయి. గీతలు తెల్లారినంక గీసినమని రిజిస్టర్ల సంతకం పెట్టి, మీ సారుకు నువ్వే చెప్పు. ఎనిమిదో రోజుదాక ఆగకు.

సకినాలు పంపుతున్న. అండ్లనే రెండు మార్కర్లున్నయి. డబ్బా మీద బాణం గీసిన, తలకిందులు చేస్తే పిండి తింటవు.

నీ మామ