ఖరీదైన కారు, సొంత రిపేరు: చట్టం ఎక్కడిదాకా తోడొస్తుంది?

కొన్ని ఖరీదైన కార్లలో కుదుపులు తట్టుకునే పని నూనె ఒత్తిడి చేస్తుంది. దీన్నే హైడ్రాలిక్ సస్పెన్షన్ అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన సిట్రోయెన్ కంపెనీ 1955లో డీఎస్ మోడల్‌తో ఈ పద్ధతికి పేరు తెచ్చింది. మెర్సిడెస్ బెంజ్ 1999లో సీఎల్ కారుతో మొదలుపెట్టి ‘యాక్టివ్ బాడీ కంట్రోల్’ పేరిట స్ప్రింగులకు హైడ్రాలిక్ సిలిండర్లు జోడించింది. ఇంజన్‌తో తిరిగే పంపు, నైట్రోజన్ నింపిన అక్యుములేటర్లు, వాల్వ్ బ్లాకులు, హోస్ పైపులు, ఎత్తు చూసే సెన్సర్లు, అన్నిటినీ నడిపే కంప్యూటరు ఇందులోని భాగాలు. మామూలు కారు టైరులో గాలి ఒత్తిడి రెండు, రెండున్నర బార్లుంటే, ఇక్కడ నూనె ఒత్తిడి దాదాపు 200 బార్ల దాకా పోతుంది.

సీలు అరిగినా, హోస్ చిట్లినా, అక్యుములేటర్ లోపలి పొర చినిగినా కారు ఒక పక్కకు ఒరుగుతుంది, లేదా రాత్రికి రాత్రే నేలకు కూర్చుంటుంది. అప్పుడు, ఉదాహరణకు, పల్నాడులోని మాచర్లలో ఉండే యజమానికి మూడు దారులుంటాయి. బండిని లారీ మీద ఎక్కించి విజయవాడకో హైదరాబాదుకో, కంపెనీ అధీకృత వర్క్‌షాపుకు పంపడం ఒకటి. విజయవాడ ఆటోనగర్‌లో బయటి మెకానిక్‌కు చూపించడం రెండోది. పార్టు తెప్పించుకుని ఇంటి దగ్గరే విప్పడం మూడోది. మూడింటికీ చట్టంలో చోటుంది. అయితే దారిని బట్టి మిగిలే హక్కులు మారతాయి.

రిపేరు వేరు, మార్పు వేరు

సొంత కారును సొంత చేతులతో బాగు చేసుకోవడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. కంపెనీ వర్క్‌షాపులోనే చేయించాలన్న నిబంధన మోటారు వాహనాల చట్టం, 1988లో లేదు. పాత స్ట్రట్టు (చక్రం దగ్గర కుదుపు తట్టుకునే భాగం) తీసి అదే రకం స్ట్రట్టు బిగించడం, చిట్లిన హోస్ మార్చడం, కారిన నూనె నింపడం రిపేరు కిందికే వస్తాయి.

చిక్కు మార్పులతో వస్తుంది. హైడ్రాలిక్ భాగాలన్నీ పీకేసి మామూలు స్ప్రింగులు బిగించే కిట్లు మార్కెట్లో దొరుకుతాయి. ఖర్చు తగ్గుతుందని కొందరు అటు మొగ్గుతారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్‌ను గట్టిగా పాటించాల్సిందేనని 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు, వేరే రకం పార్టులు బిగించడంతో సహా, ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సస్పెన్షన్ రకం రిజిస్ట్రేషన్ పత్రంలో కనిపించదు కాబట్టి తప్పులేదని మెకానిక్ షెడ్డులో చెప్పే మాటను నమ్మి దిగడం మంచిది కాదు. స్ప్రింగుల కిట్టు కొనే ముందే రవాణా శాఖ కార్యాలయానికి దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. బీమా కంపెనీకీ రాతలో తెలపాలి.

వారంటీ ఎప్పుడు పోతుంది?

బయట చేయి పడితే వారంటీ మొత్తం పోతుందన్నది ఎక్కువగా వినిపించే మాట. ఈ విషయంలో దేశంలో పెద్ద తీర్పు కాంపిటీషన్ కమిషన్ నుంచి 2014 ఆగస్టు 25న వచ్చింది. స్పేర్ పార్టులు, రిపేరు పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదుపై 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వాటిలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్ కూడా ఉన్నాయి. బయటి మెకానిక్ చేత చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గుండుగుత్తగా రద్దు చేయకూడదనీ, బయటి పని సరిగా చేయక జరిగిన నష్టం మేరకే, పరిస్థితులు స్పష్టంగా సమర్థిస్తేనే రద్దు చేయవచ్చనీ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలేట్ ట్రైబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టి, జరిమానా లెక్కను మాత్రం మార్చింది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలూ దాని పరిధిలో ఉన్నాయి. రిపేరు హక్కుకంటూ ప్రత్యేక చట్టం మాత్రం దేశంలో ఇంకా రాలేదు. అందువల్ల యజమాని వాదన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీదా, చేతిలోని వారంటీ పుస్తకం మీదా నిలబడాలి. వారంటీ గడువులో ఉన్న కారుకు ఇంట్లో చేయి పెట్టకుండా ముందు కంపెనీ వర్క్‌షాపులో జాబ్ కార్డు (లోపాన్ని తేదీతో నమోదు చేసే పత్రం) రాయించడమే లాభం. గడువు తీరిన కారుకు ఆ భయం లేదు.

ఇలాంటి రికార్డు విలువేమిటో హైదరాబాద్‌లోని హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చూపిస్తుంది. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ సంస్థ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడి వర్క్‌షాపుకు వెళ్లింది. నవంబరు 13న మళ్లీ అదే తరహా సమస్య వచ్చింది. పోలీసు ఫిర్యాదు దాఖలైంది. 2012 మార్చిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రిమినల్ కేసు కొట్టేస్తూ కొత్త కారు ఇవ్వమని కంపెనీని ఆదేశించింది. యజమాని కొత్త కారు వద్దని డబ్బు అడగడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2024 జూలై 10న సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయల చెల్లింపుతో దాన్ని ముగించింది. కొన్న వారంలోపే బండి వర్క్‌షాపుకు వెళ్లినట్టు రికార్డు ఉంది. లోపం బయటపడిన మొదటి రోజే ఎవరో ఇంట్లో విప్పి ఉంటే లోపం తయారీలోదా, విప్పడంలోదా అన్న ప్రశ్న దగ్గరే కేసు ఆగి ఉండేదేమో.

విప్పే చేతికి వచ్చే బాధ్యత

ఈ రిపేరులో పెద్ద ప్రమాదం రెండు చోట్ల ఉంటుంది. మొదటిది కారు కింద. హైడ్రాలిక్ ఒత్తిడితో ఎత్తులో నిలబడ్డ కారు, పైపు వదులవగానే క్షణంలో కిందికి దిగుతుంది. పల్నాడు ఇళ్ల ముందు పరిచిన నాపరాయి మీద జాకీ పెడితే బరువంతా ఒక్క చోట పడి బండ పగలొచ్చు, జాకీ పాదం జారొచ్చు. బండి బరువు స్టాండ్ల మీద ఆనకుండా ఎవరూ కిందికి దూరకూడదు. రెండోది సన్నటి చిల్లు. ఒత్తిడిలో ఉన్న హోస్‌కు సూది బెజ్జమంత చిల్లు పడితే, వేలితో తడిమి చూసినవారి చర్మం లోపలికి నూనె దూసుకుపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండ కుళ్లి వేలే తీసేయాల్సి రావచ్చు. కారుతున్న చోటు తెలుసుకోవడానికి అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. అక్యుములేటర్‌ను విప్పడం, కోయడం ఇంట్లో చేసే పని కాదు.

సాయానికి పిలిచిన కుర్రాడికి యజమాని నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. లోపం ఉందని తెలిసీ బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల వరకు జరిమానా ఉంది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి గాయమైనా ఆస్తి నష్టం జరిగినా మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. బిగింపు పూర్తయ్యాక నాగార్జునసాగర్ రోడ్డు మీద పరీక్షించి చూద్దామనుకునేవారు ముందుగా నిలిపిన చోటే ఎత్తు, నూనె మట్టం, లీకు చూసుకోవడం చట్టపరంగానూ అవసరమే.

నూనె ఎంపిక కూడా హక్కులతో ముడిపడే ఉంటుంది. పాత సిట్రోయెన్ కార్లలో ఎర్ర నూనె వాడే వ్యవస్థలో పచ్చ నూనె పోస్తే సీళ్లన్నీ పాడవుతాయి. కంపెనీ పుస్తకంలో రాసిన రకం తప్ప మరొకటి పోసినట్టు తేలితే, ఆ తర్వాత వచ్చే ఏ నష్టానికైనా అవతలివారు దాన్నే చూపుతారు. వినియోగదారుల చట్టం 87వ సెక్షన్ ప్రకారం నష్టం జరిగే నాటికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా నిలబడదు. తీసిన నూనెను కాలువలోనో పొలం గట్టునో పారబోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన నూనెకూ వర్తిస్తాయి.

మెకానిక్, స్పేర్ పార్టు, సెకండ్‌హ్యాండ్ బండి

సగం పని ఇంట్లో, సగం షెడ్డులో జరిగినప్పుడు తప్పు ఎవరిదన్న తగువు తప్పదు. షెడ్డులో వదిలిన కారును సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకునే బాధ్యత మెకానిక్‌ది. కాంట్రాక్టు చట్టం, 1872లోని 151వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కూలి ఇచ్చేదాకా బండిని పట్టి ఉంచే హక్కు 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇస్తుంది. కాబట్టి ఎస్టిమేటు రాయించుకోవాలి, బిల్లు అడగాలి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. తీసేసిన పాత పార్టును తూకానికి అమ్మేయకుండా దాచుకోవాలి. పాత పంపు లోపల ఇనుప రజను ఉందా, హోస్ ఎక్కడ చిట్లింది అన్నది నిపుణుడికి చెప్పేది ఆ పార్టే. అసలైనదని చెప్పి నకిలీ పార్టు అంటగడితే అది కూడా ఫిర్యాదుకు కారణమే.

ఇలాంటి కార్లు ఊళ్లకు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే వస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం వాడిన వాహనాల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి. సస్పెన్షన్ రిపేర్ల చరిత్ర రాతలో ఇవ్వమని డీలరును అడగాలి. ఒక వ్యక్తి నుంచి నేరుగా కొంటే అతడు వ్యాపారి కాడు కాబట్టి వినియోగదారుల కమిషన్ దారి దాదాపు మూసుకుపోతుంది. జిన్నింగ్ మిల్లు పేరిటో కంపెనీ పేరిటో కొన్న కారైతే అది వ్యాపార వినియోగమన్న వాదన వస్తుంది. అయితే డైరెక్టర్ల వాడకానికి కంపెనీ కారు కొన్నంత మాత్రాన వ్యాపార వినియోగం కాబోదని 2024 జూలైలో మెర్సిడెస్ కారు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

బీమా

అరుగుదల, యాంత్రిక లోపం సాధారణ మోటారు పాలసీ కిందికి రావు. హోస్ దానంతటదే చిట్లితే క్లెయిము ఉండదు. గుంతలో పడి కింది భాగం తగిలి చిట్లితే ఉంటుంది. చిట్లాక రిపేరు చేయకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదే. ప్రమాదం జరిగినచోట ఫొటోలు తీసి, సర్వేయర్ చూసేదాకా ఏదీ విప్పకూడదు. క్లెయిము తిరస్కరిస్తే ముందు బీమా కంపెనీకి రాతలో అభ్యంతరం తెలిపి, నెల గడిచినా న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. తిరస్కరణ తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి.

ఫిర్యాదు చేసే దారి

కంపెనీపై, డీలరుపై, మెకానిక్‌పై ఫిర్యాదుకు మొదటి మెట్టు రాతపూర్వక నోటీసు. ఏం చెడింది, ఎప్పుడు చెడింది, ఎంత చెల్లించారు, ఏం కోరుతున్నారు అన్నవి తేదీలతో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఫిర్యాదీ నివసించే చోటే వేసే వీలుంది కాబట్టి హైదరాబాదులో కొన్న కారు కోసం మాచర్ల వాసి హైదరాబాదు తిరగనక్కర్లేదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్, 50 లక్షల నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్ వింటాయి. ఇక్కడ లెక్కకు వచ్చేది కారు విలువ కాదు, వివాదంలో ఉన్న వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం. కోటి రూపాయల కారుకు మూడు లక్షల రిపేరు చెడితే అది జిల్లా కమిషన్ కేసే. అయిదు లక్షల లోపు మొత్తాలకు ఫీజు లేదు. పార్టును పరీక్షకు పంపనవసరం లేని కేసు మూడు నెలల్లో, పంపాల్సిన కేసు అయిదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

రిపేరులో గాయపడిన పనివాడికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి అడ్డురాదు. దీనికి ఫోన్ నంబరు 15100.