నడక చెప్పే సంగతులు

మన యిళ్ళల్లో పెద్దవాళ్ళు పడిపోతే "వయసు మీదపడింది, ఏం చేస్తాం" అని వూరుకుంటాం. జ్వరం వస్తే థర్మామీటరు పెడతాం. కళ్ళు తిరిగితే రక్తపుపోటు చూపిస్తాం. నడక తడబడితే మాత్రం కొలిచి చూద్దామన్న ఆలోచనే రాదు. కాని నడకనూ కొలవవచ్చు. అందుకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక టేపు, సెకన్ల ముల్లున్న గడియారం వుంటే చాలు. ఫిజియోథెరపీ విద్యార్థిగా నేను నేర్చుకొన్న ఆ పద్ధతిని తోటి విద్యార్థులకు చెప్పడమే యీ వ్యాసం వుద్దేశం.

మనిషి నిలబడటమంటే చిన్న విషయం కాదు. కళ్ళు, లోపలి చెవి, పాదాలూ కీళ్ళూ పంపే కబుర్లను మెదడు క్షణక్షణమూ సరిచూసుకొని కండరాలకు ఆజ్ఞలిస్తుంది. వీటిలో ఒకటి మందగిస్తే మిగతావి కొంతవరకు సర్దుకుంటాయి. మధుమేహంతో అరికాళ్ళు మొద్దుబారిన మనిషి పగలు కళ్ళ సాయంతో బాగానే తిరుగుతాడు. రాత్రి కరెంటు పోతే తూలుతాడు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబెర్గ్ పేరుతో వున్న పరీక్షకు ఆధారం యిదే. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూయించి, తూలుతున్నారేమో చూస్తారు.

ఇక నడక సంగతి. 1986లో మథియాస్, నాయక్, ఐజాక్స్ అనేవారు "లేచి నడవండి" అనే పరీక్షను ప్రతిపాదించారు. 1991లో పొడ్‌సియాడ్లో, రిచర్డ్‌సన్ దానికి గడియారం జోడించారు. పెద్దవారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి 3 మీటర్ల దూరంలో గీత గీయాలి. చెప్పగానే వారు లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోవాలి. చేతికర్ర అలవాటుంటే వాడవచ్చు. 12 సెకన్లు, అంతకుమించి పడితే ముప్పున్నట్టని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు లెక్కగడతాయి. 2022లో వెలువడిన ప్రపంచ మార్గదర్శకాలు 15 సెకన్లు దాటడాన్ని హద్దుగా తీసుకొన్నాయి. పరీక్ష చేసేవాళ్ళు పక్కనే, తూలితే పట్టుకొనేంత దగ్గరగా వుండాలని మాత్రం మరువరాదు.

అయితే అంకె ఒక్కటే చూస్తే చాలదు. చేతులు ఆనించకుండా లేవగలిగారా? పాదం నేలకు రాచుకుంటోందా? వెనక్కు తిరగడానికి ఒక్కొక్క అడుగే వేస్తూ తంటాలు పడుతున్నారా? నడుస్తుండగా పలకరిస్తే, జవాబు చెప్పడానికి ఆగిపోతున్నారా? ఇలా ఆగిపోయేవారికి పడిపోయే ముప్పు ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మేరీ టినెట్టి 1986లో యిటువంటి పరిశీలనలకే మార్కులు పెట్టారు: నిలకడకు 16, నడకకు 12, మొత్తం 28. 19 కన్నా తక్కువ వస్తే ముప్పు ఎక్కువన్నమాట. మన పరీక్షల్లాంటిదే గాని, యిక్కడ మార్కులు తగ్గినవారికి కావలసింది మందలింపు కాదు, ఆసరా.

ఇవన్నీ కుర్చీల దేశాల్లో పుట్టిన పరీక్షలు. మా బామ్మ పైన చెప్పిన నడక పరీక్షను 11 సెకన్లలో ముగించి "ఇంతేనా?" అంది. కాని భోజనం చేసి పీట మీద నుంచి లేవాలంటే ఆమెకు స్తంభం పట్టు కావాలి. మన పెద్దలకు నేల మీద నుంచి లేవడం, గడప దాటడం, తడి గచ్చు మీద నడవడం, చీర కుచ్చెళ్ళు కాళ్ళకు తగలకుండా మెట్లెక్కడం - ఇవీ చూడవలసినవే.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "ఈ ఏడాది ఎప్పుడైనా పడ్డావా?" అంటే "లేదు" అంది బామ్మ. "కాలు జారిందా?" అంటే మాత్రం "ఆఁ, స్నానాల గదిలో రెండుసార్లు జారానురా, పడలేదు. కూలబడ్డానంతే" అంది! పడ్డానని ఒప్పుకుంటే గుడికి ఒంటరిగా వెళ్ళనివ్వరని ఆమె భయం. ఆ భయం నిజమైనదే. పడతారేమోనని పెద్దవాళ్ళను కదలనివ్వకపోతే కండరాలు యింకా చిక్కిపోతాయి, ముప్పు యింకా పెరుగుతుంది. తుంటి ఎముక విరిగాక మంచం పట్టడం ఎంత కష్టమో తెలియని కుటుంబం అరుదు.

ఏ ఒక్క పరీక్షా రేపు ఎవరు పడతారో జోస్యం చెప్పలేదు. అనుమానం వచ్చినప్పుడు వైద్యునికి చూపించాలి. పడుకొన్నప్పుడూ లేచి నిలబడ్డాకా రక్తపుపోటు కొలిపించాలి. నిద్రమాత్రలు వాడుతుంటే చెప్పాలి. కళ్ళు చూపించాలి. స్నానాల గదిలో పట్టుకొనే కమ్మీ, మంచం దగ్గర రాత్రిదీపం పెట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యం వ్యాయామం. నిలకడకూ కాళ్ళ బలానికీ తగిన వ్యాయామాలు చేయిస్తే పడిపోవడాలు దాదాపు నాలుగోవంతు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. మా బామ్మ యిప్పుడు కమ్మీ పట్టుకొని స్నానం చేస్తోంది, రోజూ పదిసార్లు కుర్చీలోంచి లేచి కూర్చుంటోంది. గుడికి మాత్రం ఒంటరిగానే వెళుతోంది.

సంక్రాంతి సెలవులకు మనలో చాలామంది వూళ్ళకు వెళతాం. టేపూ గడియారమూ ప్రతి యింట్లోనూ వుంటాయి. ఒక పావుగంట మన తాతయ్యలకూ అమ్మమ్మలకూ కేటాయిద్దాం. "పడ్డావా" అని కాక "జారావా" అని అడుగుదాం.