తప్పిపోయిన జీవమును వెదకుట

వేదపాఠము: ద్వితీయోపదేశకాండము 22:1-3, లూకా 15:3-7, 1 సమూయేలు 9:3-20



ఈ మాసపు పాఠమునకు ఒక చిన్న వస్తువును ఆధారముగా తీసికొనుచున్నాము. పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చునప్పుడు తాళపుచెవుల గుత్తికి ఒక గుండ్రని బిళ్ళను తగిలించుకొని వచ్చుట మీలో కొందరు చూచియుందురు. అది పది రూపాయల బిళ్ళకంటె కొంచెము పెద్దది. దానిని ట్యాగు అందురు. తాళపుచెవులు ఎక్కడ పడిపోయినను ఫోను తెరచి చూచినచో జాడ తెలియును. ఇప్పుడు అనేకులు దీనిని కుక్క మెడపట్టెడకును, పిల్లి మెడకును కట్టుచున్నారు. అట్లయిన మా మేకలకు కట్టవచ్చునా, పాడి గేదెకు కట్టవచ్చునా అని అడుగువారును కలరు. అడుగుట న్యాయమే. ఒక మేక తప్పిపోయినచో కూలివాని యింటిలో అది చిన్న నష్టము కాదు. నాతాను ప్రవక్త దావీదుతో చెప్పిన ఉపమానములో బీదవానికి ఉన్నది ఒక్క గొఱ్ఱెపిల్లయే గదా (2 సమూయేలు 12:3).

మన పెద్దలు పశువు తప్పిపోకుండ చేసిన యేర్పాట్లు మనకు తెలిసినవే. మెడలో గంట కట్టిరి. పారిపోవు అలవాటుగల ఆవుకు గుదిబండ వ్రేలాడగట్టిరి. తొడమీద వాత వేసిరి. గొఱ్ఱెల కాపరులు చెవి కోసి గాని రంగు పూసి గాని గుర్తు పెట్టిరి. వీనిలో గంట మాత్రమే జంతువు ఎక్కడ ఉన్నదో చెప్పును, అదియు చెవికి వినబడునంత దూరమే. వాతయు, చెవికోతయు, రంగును అది ఎవరిదో చెప్పును. ఈ రెండు సంగతులును వేరువేరని గుర్తుంచుకొనుడి.

ఇక ఆ ట్యాగు పనిచేయు విధము. అది ఆకాశములోని ఉపగ్రహములతో మాటలాడునని చాలమంది అనుకొనుచున్నారు. అట్లు కాదు. దానిలో ఒక చిన్న గుండ్రని బ్యాటరీయు, బ్లూటూత్ అనబడు స్వల్పదూరపు రేడియో పరికరమును ఉండును. అది కొన్ని పదుల అడుగుల దూరము వరకు తన గుర్తును పలుకుచుండును, అంతే. ఆ దారిని పోవుచున్న యే మనుష్యుని జేబులోని ఫోనో ఆ పలుకును విని, తానున్న చోటును ఇంటర్నెట్టు ద్వారా పంపును. ఆ కబురు యజమానుని ఫోనుకు చేరును. కబురు మోసిన మనుష్యునికి తాను మోసినట్లే తెలియదు. ఎవరి కుక్కయో, ఎవరి తాళములో అతనికి కనబడవు. ఆపిల్ కంపెనీవారు 2021వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఎయిర్‌ట్యాగ్ అను పేర దీనిని విడుదల చేసిరి. అది ఆ కంపెనీ ఐఫోను ఉన్నవారికే ఉపయోగము. తక్కిన ఆండ్రాయిడ్ ఫోనుల కొరకు గూగుల్ వారు 2024లో ఇట్టి యేర్పాటునే ప్రారంభించిరి.

కాబట్టి సంత వీధిలో, బస్ స్టాండులో, పట్టణపు పేటలలో ఇది చక్కగా పనిచేయును. ఏలయనగా అచ్చట అడుగడుగునకు ఒక ఫోను నడచుచుండును. చెరువు వెనుక తుమ్మచెట్లలోనికి పోయిన మేక సంగతి వేరు. అచ్చట దాని పలుకు వినుటకు ఎవ్వరును లేరు. గూగుల్ వారి యేర్పాటులో ఇంకొక చిక్కు గలదు. ఒక్క ఫోను వినిన కబురును వారు సాధారణముగా బయటపెట్టరు. అనేక ఫోనులు ఒకే ట్యాగును వినినప్పుడే ఆ చోటును చూపుదురు. ఇది మనుష్యుల క్షేమము కొరకు పెట్టిన నియమము. జనము పలుచగానున్న చోట్ల కూడ కబురు పంపుటకు ఫోనుగలవాడు తన ఫోనులో ఆ యేర్పాటును మార్చుకొనవచ్చును. కాని ఎంతమంది మార్చుకొందురు? ఎయిర్‌ట్యాగ్ వస్తువుల కొరకే గాని జంతువుల కొరకు చేయబడలేదని ఆ కంపెనీవారే చెప్పియున్నారు. మా అభిప్రాయములో పల్లెటూరి మేకకు ఈ ట్యాగు కొనుట డబ్బు దండుగ, ఇత్తడి గంట మేలు. జి.పి.ఎస్. అను ఉపగ్రహపు పట్టెడలు వేరుగా కలవు. అవి పొలములోను పనిచేయును గాని వానికి సిమ్ కార్డు, నెలనెల రుసుము, కొద్ది దినములకు ఒకసారి ఛార్జింగు కావలెను.

పట్టణములో కుక్కను పెంచుకొను బిడ్డలున్నవారు ఒక జాగ్రత్త వినుడి. ట్యాగులోని ఆ గుండ్రని బ్యాటరీ బహు ప్రమాదకరము. చంటిబిడ్డ మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. కుక్క కొరికి మ్రింగినను అట్టిదే. ట్యాగును గట్టి తొడుగులో పెట్టి బిగింపవలెను.

ఇప్పుడు వాక్యమునకు వచ్చెదము. ఈ ట్యాగు యజమానుని బలముచేత పనిచేయుట లేదు, దారిన పోవు అన్యులచేత పనిచేయుచున్నదని చెప్పితిమి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదువుడి. తప్పిపోయిన యెద్దును గూర్చి మోషే అచ్చట పోగొట్టుకొనినవానితో ఒక్క మాటయు చెప్పలేదు. ఆజ్ఞ అంతయు చూచినవానికే. తోలుకొనిపోయి అప్పగింపవలెను. యజమానుడు దూరముననున్నను, ఎవరో తెలియకపోయినను, తన యింటికి తోలుకొనిపోయి అతడు వెదకుచు వచ్చువరకు ఉంచవలెను. గాడిదయైనను, వస్త్రమైనను, ఏది పోయినను ఇదే విధి. మూడవ వచనము చివర హెబ్రీ భాషలోనున్న మాటకు నిన్ను నీవు దాచుకొనరాదు అను భావము గలదు. మనకు తెలిసిన సంగతియే గదా! మన చేనిలో ఎవరిదో దూడ మేయుచుండగా, పట్టుకొనినచో ఎవరింటికి తోలవలెనో, ఎంత ప్రొద్దు పోవునో అని తలంచి ప్రక్క గట్టుమీదుగా పోవుదుము. దూడ దాగలేదు, మనమే దాగితిమి.

నిర్గమకాండము 23:4 ఇంకను కఠినము. అచ్చట యెద్దు స్నేహితునిది కాదు, శత్రువుది. గట్టు తగాదాలో కోర్టుకెక్కిన పొరుగువాని గేదె అనుకొనుడి. మన దేశములో 1871వ సంవత్సరపు చట్టము పరాయి చేను మేసిన పశువును బందెలదొడ్డిలో పెట్టించుటకు చేనుగలవానికి హక్కు ఇచ్చినది. యజమానుడు జుల్మానా చెల్లించి విడిపించుకొనవలెను. పంట నష్టపడినవానికి అది న్యాయమే. అయితే పగ తీర్చుకొనుటకు పశువును దొడ్డికి తోలిన కథలు ప్రతి యూరిలోను వినవచ్చును. మోషే ధర్మశాస్త్రము శత్రువు పశువును దొడ్డికి గాక శత్రువు ఇంటికే తోలుమనుచున్నది. ఆ ఇంటి గుమ్మములో నిలిచి పేరు పెట్టి పిలువవలసి వచ్చును. గేదెను తోలుటకంటె అదియే కష్టము.

దొరికినవాడు ఎంతకాలము ఉంచవలెను, మేత ఖర్చు ఎవరిది అని మీరు అడుగవచ్చును. యూదుల బోధకులును అడిగిరి. సుమారు క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా అను గ్రంథములో బావా మెట్సియా అను భాగము దీనిని విచారించుచున్నది. దొరికిన దానిని గూర్చి మూడు పండుగలలోను, చివరి పండుగ తరువాత ఏడు దినములును ప్రకటింపవలెనని ఒక బోధకుడు చెప్పెను. ఏడు దినములెందుకనగా, వినినవాడు మూడు దినములు నడచి ఇల్లు చేరి తనది పోయినదో లేదో చూచుకొని, మూడు దినములు తిరిగి నడచి వచ్చి, ఒక దినము తనదని చెప్పుకొనుటకు. బీదవాని నడకను లెక్కించిన యీ లెక్క మాకు ఎంతో నచ్చినది. వచ్చినవాడు జంతువు గుర్తులు చెప్పవలెను. మోసగాడని పేరుపడినవాడు గుర్తులు చెప్పినను ఇయ్యరాదు. మేతకు సరిపడ పనిచేయు పశువును పని చేయించుకొని మేపవచ్చును. పనిచేయక మేయుదానిని అమ్మి ఆ సొమ్మును యజమానుని కొరకు ఉంచవలెను. అమ్మి తినివేయుట ఎచ్చటను లేదు.

గుర్తుల మాట వచ్చినది గనుక మన పశువుల చెవిబిళ్ళను గూర్చి చెప్పవలెను. 2019లో ఆరంభమైన కేంద్రప్రభుత్వ కార్యక్రమములో గాలికుంటు టీకా వేయుటతో కూడ పశువు చెవికి పసుపుపచ్చని బిళ్ళ తగిలించుచున్నారు. దానిమీద 12 అంకెలుండును. ఆ అంకెలతో యజమానుని వివరము భారత్ పశుధన్ అను లెక్కలలో వ్రాయబడును. ఈ బిళ్ళ జంతువున్న చోటును చూపదు. కాని తెలియని పశువు మీ దొడ్డికి వచ్చినప్పుడు ఆ అంకెలను వ్రాసికొని పశువైద్యశాలకు పోయినచో యజమానుని జాడ తెలిసికొనుటకు మార్గమున్నది. చెవి పుండుపడునని కొందరు దానిని కోసివేయుచున్నారు. పుండు పడినచో మందు వేయించుడి గాని బిళ్ళను తీయకుడి. కుక్కలకు చర్మము క్రింద పెట్టు బియ్యపుగింజంత మైక్రోచిప్ కూడ ఇట్టిదే. అందులో ఉన్నది 15 అంకెల సంఖ్య మాత్రమే, దానిని చదువు పరికరము దగ్గర పెట్టిన గాని పలుకదు. ఇవన్నియు లేనివారు మెడపట్టెడ మీద చెరగని సిరాతో ఫోను నంబరు వ్రాయుడి. ఖర్చు ఏమియు లేదు.

ఒక చెడుగును కూడ దాచక చెప్పవలెను. ఈ ట్యాగులను ఇతరుల సంచిలోనో బండిలోనో రహస్యముగా ఉంచి వారి వెంట పడు దుర్మార్గులు బయలుదేరిరి. అందుచేత ఎవరిదో ట్యాగు మీ వెంట వచ్చుచున్నదని ఫోను హెచ్చరించు ఏర్పాటును ఆపిల్, గూగుల్ కంపెనీలు 2024 మే నెలలో కలిసి ప్రారంభించినవి. స్త్రీలు ఆ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. భార్య సంచిలో, కోడలి సంచిలో ట్యాగు ఉంచు మగవాడు క్రైస్తవ గృహములో ఉండరాదు. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచునని యోహాను 10:3లో చదువుచున్నాము. దొంగచాటుగా వెంబడించునని చదువలేదు. ఈ హెచ్చరిక వలననే మేకను దొంగిలించినవాని ఫోను కూడ వానికి ట్యాగు సంగతి చెప్పివేయునని తెలిసికొనుడి. దొంగతనమునకు ఇది మందు కాదు.

లూకా 15లోని మనుష్యుడు తొంబదితొమ్మిదింటిని విడిచి పోవుట మనమెరిగినదే. జాడ తెలిసినను తెలియకున్నను, ముండ్లలో దిగి గొఱ్ఱెను భుజములమీద వేసికొనుట అతని వంతు. ఫోను చోటును చూపును, మోయదు.

సౌలు గాడిదలను వెదకిన అధ్యాయములో జాడ చెప్పు సాధనమేదియు లేదు. ఎఫ్రాయీము మన్యము, షాలిషా దేశము, షయలీము, బెన్యామీను దేశము తిరిగి తిరిగి సూపు దేశమునకు వచ్చెను. అప్పటికి చేతి సంచిలో రొట్టె అయిపోయినది, పనివానియొద్ద పావు తులము వెండి మాత్రమే మిగిలినది. తుదకు గాడిదలు దొరికినవని సమూయేలు చెప్పెను. మరునాడు దారిలో రాహేలు సమాధియొద్ద ఇద్దరు మనుష్యులు అదే మాట చెప్పిరి, దానితో కూడ ఇంకొక మాటయు చెప్పిరి: తండ్రి గాడిదల చింత విడిచిపెట్టి, నా కుమారుని గూర్చి నేనేమి చేయుదునని విచారపడుచున్నాడని. ఈ మాసమున కుటుంబ ప్రార్థనలో 1 సమూయేలు 9వ అధ్యాయమును, 10వ అధ్యాయములో 2వ వచనము వరకును పిల్లలచేత బిగ్గరగా చదివించుడి.